సిస్టమ్స్ ఇంజనీరింగ్ పీజీ: ఫీజు కట్టే ముందే మొదటి సెమిస్టర్‌ను ఒక స్టార్టర్ డబ్బాతో మొదలుపెట్టండి

బీటెక్ ఏ బ్రాంచిలో చేసినా నాలుగేళ్లూ ఎక్కువగా భాగాల గురించే చదువుతాం. మెకానికల్ వాళ్లకు గేరు, ఎలక్ట్రికల్ వాళ్లకు మోటరు, సీఎస్‌ఈ వాళ్లకు కోడు. ఆ భాగాలన్నీ కలిపి ఒక మెట్రో రైలునో, ఉపగ్రహాన్నో, ఆస్పత్రి వెంటిలేటర్‌నో నడిపించాల్సి వచ్చినప్పుడు వేరే ప్రశ్నలు మొదలవుతాయి. ఇది ఎవరికోసం? ఏది దేనితో కలవాలి? కలిసిందని రుజువేమిటి? వీటికి ఒక పద్ధతి ప్రకారం జవాబులు వెతకడం సిస్టమ్స్ ఇంజనీరింగ్ పని. 1940లలో అమెరికాలో బెల్ ల్యాబ్స్ టెలిఫోన్ పనుల్లో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. క్షిపణులు, అపోలో కాలంలో గట్టిపడింది. ఇప్పుడు కార్లు, రైళ్లు, వైద్య పరికరాల దాకా పాకింది.

మొదటిసారి ఈ సబ్జెక్టు తెరిచినవాళ్లలో సగం మంది “ఇదంతా కామన్ సెన్సే కదా” అంటారు. మిగతా సగం డబ్బాలు, బాణాలు, ప్రాసెస్‌ల పేర్లు చూసి విసుగెత్తి మూసేస్తారు. ఒక వైపు అవసరం నుంచి డిజైన్ దాకా దిగి, ఇంకో వైపు పరీక్షల దాకా ఎక్కే ‘వి’ ఆకారపు ప్రసిద్ధ బొమ్మను ఒక సాయంత్రంలో బట్టీ పట్టొచ్చు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒక చిన్న వ్యవస్థను తీసుకుని, అవసరం దగ్గర్నుంచి పరీక్ష దాకా మీ చేత్తో ఒకసారి నడిపితేనే ఈ చదువు ఒంటబడుతుంది. అందుకే ఇక్కడ మన పొలాల్లో కనిపించే ఒక వస్తువును ముందు పెట్టుకుందాం: సిమ్ కార్డుతో పనిచేసే మోటరు స్టార్టర్. ఫోన్ కొడితేనో, ఎస్సెమ్మెస్ పంపితేనో బోరు మోటరు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆఫ్ అవుతుంది. చిన్నదే, కానీ ఇందులో కరెంటు, నీళ్లు, ఫోన్ నెట్‌వర్క్, మనుషుల అలవాట్లు, ప్రభుత్వ విధానం అన్నీ ఉన్నాయి.

ముందు చేతిలో ఉండాల్సినవి

లెక్కల్లో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు బీటెక్ స్థాయిలో గుర్తుంటే చాలు. పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాయగలగాలి. వీటికంటే ముఖ్యమైనది, మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది, రాత. ఈ కోర్సుల్లో ఎక్కువ మార్కులు మీరు రాసే పత్రాలకే. ఒక వాక్యం చదివి ఇద్దరు ఇంజనీర్లు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారంటే ఆ వాక్యం తప్పు. అంతే.

చదవడానికి ఉచితంగా దొరికేవే బోలెడు. నాసా తన సిస్టమ్స్ ఇంజనీరింగ్ హ్యాండ్‌బుక్‌ను పీడీఎఫ్‌గా ఉచితంగా ఇస్తుంది, రెండో రివిజన్ 2016 నాటిది. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 16.842 నంబరు కోర్సు ఉంది. ప్రొఫెసర్ ఒలివియర్ డి వెక్ 2015లో చెప్పిన పీజీ పరిచయ కోర్సు అది, వీడియోలతో సహా దొరుకుతుంది. ఇన్‌కోస్ అనే అంతర్జాతీయ సంఘం, మరికొన్ని సంస్థలు కలిసి నడిపే సెబాక్ అనే ఆన్‌లైన్ విజ్ఞాన కోశం కూడా ఉచితమే. సెబాక్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చోకండి, మధ్యలోనే ఓపిక అయిపోతుంది. దాన్ని నిఘంటువులా వాడుకోండి. క్రమంగా చదవాల్సింది నాసా పుస్తకమే. అందులో 17 ప్రాసెస్‌లు ఉంటాయి, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రతిదాని దగ్గరా “లోపలికి ఏం వస్తుంది, బయటికి ఏం పోతుంది” అన్నది మాత్రం చూసుకోండి.

ఒక సెమిస్టర్ అంటే దాదాపు 14 వారాలు. ఉద్యోగం చేస్తూ కూడా వారానికి ఏడెనిమిది గంటలు పెట్టగలిగితే కింది అడుగులన్నీ ఆ లోపే పూర్తవుతాయి.

అడుగు 1: ఎవరెవరికి సంబంధం ఉందో రాయండి

స్టార్టర్ ఎవరికోసం అంటే వెంటనే రైతు అంటాం. నిజమే, రాత్రిపూట కరెంటు వచ్చే రోజుల్లో చీకట్లో పొలానికి పోయి పాము కాటుకో, షాక్‌కో బలైనవాళ్లు మన ఊళ్లలో ఎందరో. డబ్బా పుట్టిందే ఆ బాధలోంచి. కానీ జాబితా అక్కడ ఆగకూడదు. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్క పొలం రైతు, లైన్‌మన్, డిస్కం, మోటరు బయటికి తీసే మెకానిక్, ఫోన్ ఎత్తే ఇంట్లోవాళ్లు, సిమ్ కంపెనీ, భూమిలో నీళ్ల గురించి ఆలోచించే ప్రభుత్వం. ఒక్కొక్కరి పేరు ఎదురుగా వాళ్లకు ఏం కావాలో, ఏం జరిగితే నష్టమో రాయండి.

ఈ జాబితా ఎందుకంత ముఖ్యమో తెలంగాణ అనుభవమే చెబుతుంది. 2018 జనవరి 1 నుంచి అక్కడ వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకుముందు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేది. కోతలున్న రోజుల్లో అది వరమే. 24 గంటలూ కరెంటుంటే అదే డబ్బా బోరును ఆపకుండా తోడేస్తుంది. అందుకే ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమూ విద్యుత్ సంస్థలూ రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది. డబ్బాలో ఏ భాగమూ చెడిపోలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. వ్యవస్థ హద్దు ఎక్కడ గీయాలి అనే ప్రశ్న, పీజీలో మొదటి వారమే అడిగేది, ఇదే. హద్దును డబ్బా చుట్టూ గీస్తే డిజైన్ సూపర్. బోరు, ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు వేళలు కలిపి గీస్తే లోపం కనిపిస్తుంది.

జాబితా అయ్యాక, డబ్బాను వాడే ఒక రోజును కథలా రెండు పేజీల్లో రాయండి. ఉదయం ఎవరు ఫోన్ చేశారు, కరెంటు పోతే ఏమైంది, సిగ్నల్ లేకపోతే ఏమైంది. దీన్ని కాన్సెప్ట్ ఆఫ్ ఆపరేషన్స్ అంటారు, క్లాసులో కాన్‌ఆప్స్. బాగా జరిగిన రోజు ఒకటి, అన్నీ అడ్డం తిరిగిన రోజు ఒకటి రాయండి. రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

అడుగు 2: రిక్వైర్‌మెంట్లు రాయండి, చించేయండి, మళ్లీ రాయండి

రిక్వైర్‌మెంట్ అంటే వ్యవస్థ ఏం చేయాలో చెప్పే వాక్యం. మొత్తం చదువులో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. మొదటి ప్రయత్నంలో అందరూ ఇలా రాస్తారు: “కరెంటు రాగానే స్టార్టర్ మోటరును ఆన్ చేయాలి.”

ఈ వాక్యాన్ని పట్టుకుని అడగండి. కరెంటు రావడమంటే ఒక ఫేజు వచ్చినా వచ్చినట్టేనా? రెండు ఫేజుల మీద తిరిగితే త్రీ ఫేజ్ మోటరు వైండింగ్ కాలిపోతుంది. వోల్టేజి ఎంతుండాలి? “రాగానే” అంటే ఎన్ని సెకన్లలో? రైతు వద్దనుకున్నా ఆన్ కావాలా?

అన్నిటికంటే పెద్ద చిక్కు “రాగానే” దగ్గరే ఉంది. లెక్క వేద్దాం. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 415 వోల్టుల దగ్గర ఇవ్వగల కరెంటు దాదాపు 35 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 7.5 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. నాలుగు మోటర్లు నడిస్తే 30, ఇబ్బంది లేదు. కానీ నేరుగా స్టార్ట్ చేసే మోటరు మొదటి రెండు మూడు సెకన్లు దాదాపు ఆరు రెట్లు, అంటే 45 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రాగానే నాలుగూ ఒకేసారి లేస్తే 180. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి ఐదు రెట్లు. ఫ్యూజులు ఎగిరిపోతాయి, వోల్టేజి పడిపోయి మోటర్లు లేవలేక మూలుగుతాయి, రోజూ ఇదే తంతయితే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. ఈ అవసరాన్ని రైతు మీకు చెప్పడు, అతనికి తన మోటరు ఒక్కటే కనిపిస్తుంది. డిస్కం చెబుతుంది, అదీ మీరు వెళ్లి అడిగితే.

కాబట్టి ఒక్క వాక్యం మూడు వాక్యాలవుతుంది, ఒక్కో వాక్యంలో ఒక్కటే విషయం:

ఎస్‌టీ-11: మూడు ఫేజుల వోల్టేజీ 350–460 వోల్టుల మధ్య వరుసగా 10 సెకన్లు నిలిస్తేనే స్టార్టర్ సరఫరాను “సరిగా ఉంది” అని లెక్కించాలి.

ఎస్‌టీ-12: సరఫరా సరిగా ఉందని లెక్కించాక, మోటరును ఆన్ చేసే ముందు స్టార్టర్ 30–300 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఎంచుకున్న సమయం ఆగాలి.

ఎస్‌టీ-13: రైతు “ఆటో” మోడ్ ఎంచుకోకపోతే, కరెంటు తిరిగొచ్చినా స్టార్టర్ మోటరును ఆన్ చేయకూడదు.

అంకెలు నేను ఉదాహరణకు పెట్టినవి, మీ ఊరి లైన్‌మన్‌ను అడిగి మార్చుకోండి. ప్రతి రిక్వైర్‌మెంట్‌కూ నంబరు ఉండాలి, అది ఎవరి అవసరం నుంచి వచ్చిందో ఒక కాలమ్, ఎందుకు పెట్టామో ఒక కాలమ్, ఎలా పరీక్షిస్తామో ఒక కాలమ్. చివరి కాలమ్ నింపలేకపోతే ఆ రిక్వైర్‌మెంట్‌ను ఇంకా రాయనట్టే. “వాడటానికి సులువుగా ఉండాలి”, “త్వరగా స్పందించాలి” లాంటివి ఇక్కడే పట్టుబడతాయి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు నాసా పద్ధతి పాటించండి: తప్పనిసరి అయితే ‘షల్’, వాస్తవం చెప్పడానికి ‘విల్’, ఉంటే మంచిదనుకుంటే ‘షుడ్’. ఈ మూడూ కలగాపులగం చేశారంటే రివ్యూలో మీ పని అయిపోయినట్టే.

ప్రాబబిలిటీ రావాలని ముందే ఎందుకన్నానో ఎస్‌టీ-12 చూస్తే తెలుస్తుంది. 270 సెకన్ల వ్యవధిలో నాలుగు మోటర్లు యాదృచ్ఛికంగా లేస్తే, వాటిలో ఏవైనా రెండు 3 సెకన్ల తేడా లోపు పడే అవకాశం ఎంత? ఏ రెండిటి మధ్యా అంత దగ్గర రాకుండా ఉండే సంభావ్యత 1 మైనస్ 9/270, దానికి నాలుగో ఘాతం. అంటే 0.87. దాదాపు 13 శాతం సార్లు రెండు మోటర్లు కలిసి లేస్తాయన్నమాట. అప్పుడు 90 ఆంపియర్లు, పైన అప్పటికే నడుస్తున్న వాటివి మరో 15. మూడు సెకన్లకు అది ఓర్చుకోగలదా? ఓర్చుకుంటుందంటే రిక్వైర్‌మెంట్ నిలుస్తుంది, లేదంటే 300ను 600 చేయాలి, రైతును ఒప్పించాలి. పైథాన్‌లో పది లైన్ల సిమ్యులేషన్ రాసి ఈ 13 శాతాన్ని మీరే సరిచూసుకోండి.

అడుగు 3: పని ముందు, వస్తువు తర్వాత

ఇప్పుడు డబ్బా చేయాల్సిన పనులను క్రియలుగా రాయండి: సరఫరాను గమనించు, ఆదేశం అందుకో, ఆగు, మోటరును కలుపు, మోటరు తిరుగుతోందో చూడు, రైతుకు చెప్పు. ఇంకా ఏ రిలే, ఏ చిప్ అని రాయకూడదు. మన ఇంజనీర్లకు ఇది చాలా కష్టం. చేతులు ఊరుకోవు, మొదటి రోజే మైక్రోకంట్రోలర్ మోడల్ నంబరు రాసేస్తాయి.

“మోటరు తిరుగుతోందో చూడు” అనే పనికి కనీసం మూడు దారులున్నాయి. కాంటాక్టర్ (మోటరును లైన్‌కు కలిపే విద్యుత్ స్విచ్) సహాయక కాంటాక్ట్‌ను చదవొచ్చు, చవక. కానీ కాంటాక్టర్ మూసుకుందని చెబుతుందే తప్ప మోటరు తిరిగిందని చెప్పదు. మోటరు తీసుకునే కరెంటును సీటీతో (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) కొలవొచ్చు. మామూలుకంటే తగ్గితే బోరులో నీళ్లు లేవని కూడా తెలుస్తుంది, డ్రై రన్‌లో మోటరు కాలకుండా ఆపొచ్చు. పైపులో ఫ్లో స్విచ్ పెట్టొచ్చు, నీళ్లు పోస్తున్నాయో లేదో నేరుగా చెబుతుంది, కానీ మట్టీ ఇసకా పట్టి ఎన్నాళ్లు పనిచేస్తుందో అనుమానమే.

ఇలాంటి చోట ట్రేడ్ స్టడీ, అంటే దారులను పోల్చి ఒకటి ఎంచుకోవడం, చేయమంటారు. స్టువర్ట్ ప్యూ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ పేరుతో ఉన్న ప్యూ మ్యాట్రిక్స్‌తో మొదలుపెట్టండి: ఒక ఆప్షన్‌ను ప్రమాణంగా పెట్టుకుని, మిగతావి ఒక్కో విషయంలో దానికంటే మెరుగా, సమానమా, తక్కువా అని గుర్తు పెట్టడమే. వెయిటేజీలు వేసి దశాంశాల దాకా మార్కులిచ్చే పద్ధతి తర్వాత వస్తుంది. దాన్ని అతిగా నమ్మకండి. ముందే మనసులో ఒకటి ఎంచుకుని, అది గెలిచేదాకా వెయిటేజీలు సవరించే అలవాటు కంపెనీల్లోనూ ఉంది, క్లాసుల్లోనూ ఉంది. వెయిటేజీలు కొంచెం అటూ ఇటూ మార్చి చూడండి. గెలిచేది మారిపోతే మీ పట్టిక ఏ నిర్ణయమూ చెప్పడం లేదన్నమాట.

అడుగు 4: ఇంటర్‌ఫేస్‌ల దగ్గర కాపు కాయండి

భాగాలు ఎవరి దగ్గర వాళ్లకు బాగానే పనిచేస్తాయి. గొడవలన్నీ రెండు భాగాలు కలిసే చోటే.

1999 సెప్టెంబరు 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడిని చేరుతూ మాయమైంది. థ్రస్టర్ల ప్రభావాన్ని లెక్కించే నేల మీది సాఫ్ట్‌వేర్ ఫలితాన్ని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. దాన్ని వాడిన నావిగేషన్ బృందం అవి న్యూటన్ సెకన్లనుకుంది. తేడా 4.45 రెట్లు. దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. ఈ కథను “యూనిట్లు మార్చడం మరిచిపోయారు” అని చెప్పి వదిలేస్తారు. అసలు విషయం అంతకంటే చేదు. ఏ యూనిట్ వాడాలో ఇంటర్‌ఫేస్ పత్రంలో రాసే ఉంది, న్యూటన్ సెకన్లని. సాఫ్ట్‌వేర్ దాన్ని పాటించిందో లేదో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవరూ పరీక్షించలేదు. ప్రయాణంలో లెక్కలు తేడాగా ఉన్నాయని నావిగేటర్లకు అనుమానం వచ్చింది, అది పద్ధతి ప్రకారం పైకి వెళ్లలేదు.

మన దగ్గర మంచి ఉదాహరణ కవచ్. రైళ్లు ఢీకొనకుండా ఆపే ఈ వ్యవస్థ తొలి ట్రయల్స్ దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి, మొదట్లో దాన్ని తయారుచేసిన మూడు కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ హైదరాబాద్‌వే. ఒక కంపెనీ ఇంజనులో పెట్టిన పరికరం మరో కంపెనీ స్టేషన్‌లో పెట్టిన పరికరంతో మాట్లాడాలి. దానికోసం రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ స్పెసిఫికేషన్ రాసింది. అలాంటి పత్రం రాయడం, దాన్ని అందరూ పాటించారని చూడటం సిస్టమ్స్ ఇంజనీర్ రోజువారీ పని.

మీ డబ్బాకు వద్దాం. భాగాల పేర్లన్నీ కర్ణంలో రాసి ఎన్-స్క్వేర్డ్ పట్టిక గీయండి. ప్రతి గడిలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి ఏం వెళ్తుందో రాయాలి: ఏ సంకేతం, ఏ యూనిట్, ఎంతసేపట్లో, రాకపోతే ఏం చేయాలి. చివరి ప్రశ్నే బంగారం. ఫోన్ నెట్‌వర్క్ గడిని చూడండి. ఎస్సెమ్మెస్ ఎప్పుడు చేరుతుందో గ్యారంటీ లేదు, నెట్‌వర్క్ దాన్ని దాచిపెట్టి వీలైనప్పుడు అందిస్తుంది. రైతు ఆరింటికి పంపిన “ఆన్” ఎనిమిదింటికి చేరితే? అప్పటికి మెకానిక్ బోరు దగ్గర వైర్లు విప్పి కూర్చుని ఉండొచ్చు. కాబట్టి కొత్త రిక్వైర్‌మెంట్లు పుడతాయి: రెండు నిమిషాలకంటే పాత ఆదేశాన్ని డబ్బా పక్కన పెట్టాలి, రైతుకు పంపే ప్రతి సందేశంలో సమయం ఉండాలి, డబ్బా దగ్గర చేత్తో లాక్ చేస్తే ఏ ఫోన్ ఆదేశమూ పనిచేయకూడదు. అడుగు 2 పట్టికకు వెళ్లి వీటిని చేర్చండి. ఇలా వెనక్కీ ముందుకూ తిరగడం తప్పు కాదు, ఈ చదువు నడిచేదే అలా.

అడుగు 5: చెడిపోతే ఏమవుతుంది

పది భాగాలు వరుసగా ఉండి, ఒక్కొక్కటి 99 శాతం నమ్మకమైనదైతే, మొత్తం వ్యవస్థ 90 శాతమే. ఈ లెక్కను ఒకసారి మీ డబ్బాకు వేయండి. తర్వాత ఎఫ్‌ఎంఈఏ పట్టిక: ప్రతి భాగం ఏయే రకాలుగా చెడుతుంది, ఫలితం ఏమిటి, ఎలా తెలుస్తుంది. కాంటాక్టర్ అతుక్కుపోవడం అనే వరుస తప్పకుండా రాయండి. ఆఫ్ ఆదేశం ఇచ్చినా మోటరు ఆగదు, కరెంటు కొలిచే డబ్బాకైతే ఆ సంగతి తెలుస్తుంది, సహాయక కాంటాక్ట్‌ను నమ్ముకున్న డబ్బా మాట మాత్రం గట్టిగా చెప్పలేం.

ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందిలే అని రెండు పెట్టుకోవడం అన్నివేళలా కాపాడదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 తొలి రాకెట్ లేచిన 40 సెకన్లలోపే అదుపు తప్పింది. దిశ చెప్పే యూనిట్లు రెండున్నాయి. రెండిటిలోనూ ఏరియాన్ 4 నుంచి తెచ్చిన అదే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి రెండూ ఒకే కారణంతో, దాదాపు ఒకేసారి ఆగిపోయాయి. పైగా ఆ కోడు చేస్తున్న పనితో లేచాక ఏరియాన్ 5కు అవసరమే లేదు.

అడుగు 6: వెరిఫికేషన్, వాలిడేషన్ విడివిడిగా

వెరిఫికేషన్ అంటే రాసుకున్న రిక్వైర్‌మెంట్‌ను తీర్చిందా అన్నది. పరీక్ష, విశ్లేషణ, ప్రదర్శన, తనిఖీ అని నాలుగు పద్ధతులు. ఎస్‌టీ-11ను ల్యాబ్‌లో వోల్టేజి మార్చి పరీక్షించొచ్చు. ఎస్‌టీ-12లోని యాదృచ్ఛికతను పదిసార్లు కొలిచి తేల్చలేం, పరీక్షతో పాటు విశ్లేషణా కావాలి.

వాలిడేషన్ అంటే అసలు అవసరం తీరిందా అన్నది. అన్ని రిక్వైర్‌మెంట్లూ పాసైన డబ్బాను ఒక సీజన్ రైతు దగ్గర పెట్టండి. “మోటరు ఆన్ అయింది” అని మెసేజ్ వచ్చినా నమ్మకం కుదరక అతను టార్చి పట్టుకుని పొలానికి పోతున్నాడంటే వాలిడేషన్ ఫెయిల్. ఏ ల్యాబూ ఈ సంగతి చెప్పదు.

ఇక్కడిదాకా వచ్చాక స్నేహితులను ముగ్గురిని కూర్చోబెట్టి ఒక రివ్యూ పెట్టండి. పరిశ్రమలో రిక్వైర్‌మెంట్ల రివ్యూ, ప్రాథమిక డిజైన్ రివ్యూ, కీలక డిజైన్ రివ్యూ అని దశలుంటాయి, ఎస్‌ఆర్‌ఆర్, పీడీఆర్, సీడీఆర్ అని వింటారు. మీకు ఒక్కటి చాలు, కానీ వచ్చినవాళ్లలో ఒకరైనా మీ బ్రాంచి కానివాళ్లు ఉండాలి.

అడుగు 7: టూల్స్ ఇప్పుడు, ఇంతకుముందు కాదు

మోడల్ ఆధారిత పద్ధతికి, అంటే పత్రాల బదులు కంప్యూటర్ మోడల్‌లో వ్యవస్థను రాసే పద్ధతికి, వాడే భాష సిస్‌ఎంఎల్. దాని రెండో వెర్షన్‌ను ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 2025లో ఆమోదించింది. అందులో బొమ్మలతో పాటు కోడులా టెక్స్ట్‌లోనూ రాయొచ్చు. ఉచితంగా నేర్చుకోవాలంటే థాలెస్ అనే ఫ్రెంచ్ కంపెనీలో పుట్టిన క్యాపెల్లా ఉంది, ఓపెన్ సోర్స్. కంపెనీల్లో క్యామియో అనే టూల్ ఎక్కువ కనిపిస్తుంది. ఎక్సెల్‌లో మీరు చేసిన రిక్వైర్‌మెంట్ల పట్టికను, ఎన్-స్క్వేర్డ్‌ను క్యాపెల్లాలోకి ఎక్కించి, ఒక రిక్వైర్‌మెంట్ మారిస్తే ఏ భాగాలు, ఏ పరీక్షలు కదులుతాయో చూడండి. మోడల్ వల్ల లాభం అక్కడ అర్థమవుతుంది. టూల్‌తో మొదలుపెట్టినవాళ్లకు బొమ్మలు గీయడం వస్తుంది, అడగాల్సిన ప్రశ్నలు రావు.

అడుగు 8: కోర్సు ఎంచుకోవడం

పేరు చూసి కాదు, సిలబస్ చూసి ఎంచుకోండి. ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్ మంచి విభాగం, కానీ అక్కడ ప్రాణం కంట్రోల్ థియరీ. కొన్ని చోట్ల ఇదే పేరుతో ఆపరేషన్స్ రీసెర్చ్ చెబుతారు. రిక్వైర్‌మెంట్లు, ఆర్కిటెక్చర్, ఇంటిగ్రేషన్, వెరిఫికేషన్ ఈ నాలుగూ సిలబస్‌లో కోర్ కోర్సులుగా ఉన్నాయా అన్నది మొదటి పరీక్ష. టీమ్‌గా ఒక వస్తువును చివరిదాకా తెచ్చే ప్రాజెక్టు ఉందా అన్నది రెండోది. అమెరికాలో స్టీవెన్స్, జాన్స్ హాప్కిన్స్, జార్జియా టెక్, ఎంఐటీలోని ఎస్‌డీఎం (సిస్టమ్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్) బాగా తెలిసినవి. వీటిలో కొన్ని ఉద్యోగానుభవం ఉన్నవాళ్ల కోసమే నడుస్తాయి.

బీటెక్ అయిన వెంటనే వెళ్లాలా? ఈ సబ్జెక్టు పీజీ సిలబస్ ఎలా ఉండాలో చెబుతూ 2012లో వచ్చిన జీఆర్‌సీఎస్‌ఈ అనే పత్రం, చేరేవాళ్లకు కనీసం రెండేళ్ల పని అనుభవం ఉంటుందని అనుకుని రాశారు. నా అభిప్రాయమూ అదే. ఒక్క ప్రాజెక్టయినా ఆలస్యమై, ఎందుకు ఆలస్యమైందో లోపలి నుంచి చూసినవాళ్లకు క్లాసులో ప్రతి మాటా అతుక్కుంటుంది. ఫ్రెషర్లకు అది పాఠం, అంతే. ఇప్పుడే వెళ్లక తప్పదనుకుంటే పైన చెప్పిన స్టార్టర్ ఫైలు ఆ లోటును కొంత పూడుస్తుంది.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు కన్సల్టెన్సీలు చెప్పని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ సిస్టమ్స్ ఇంజనీర్ ఉద్యోగాల్లో పెద్ద వాటా రక్షణ, అంతరిక్ష కంపెనీలది. ఎగుమతి నియంత్రణ చట్టాలు, సెక్యూరిటీ క్లియరెన్సుల వల్ల వాటిలో చాలావరకు ఆ దేశ పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే పరిమితం. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు మొదటి నుంచీ ఆటోమొబైల్, వైద్య పరికరాలు, సెమీకండక్టర్, రైల్వే వైపు ప్రాజెక్టులు ఎంచుకోవడం మేలు. చేరే ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో రాసే సీఐపీ కోడు (కోర్సు ఏ సబ్జెక్టుదో చెప్పే నంబరు) స్టెమ్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. సిస్టమ్స్ ఇంజనీరింగ్ కోడు 14.2701 ఆ జాబితాలో ఉంది. కానీ యూనివర్సిటీ మీ ప్రోగ్రామ్‌ను మేనేజ్‌మెంట్ కోడు కింద నమోదు చేసి ఉంటే 24 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసే అనుమతి) పొడిగింపు దగ్గర టెన్షన్ తప్పదు.

ఇన్‌కోస్ సర్టిఫికెట్లలో మొదటిదైన ఏఎస్‌ఈపీకి అనుభవం అక్కర్లేదు, ఇన్‌కోస్ హ్యాండ్‌బుక్ మీద పరీక్ష రాస్తే చాలు. తర్వాతిది సీఎస్‌ఈపీకి కనీసం ఐదేళ్ల అనుభవం కావాలి. కొన్ని యూనివర్సిటీల్లో ఎంపిక చేసిన కోర్సులు పాసైతే ఆ పరీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. కాబట్టి అడ్మిషన్ ఖాయం కాకముందే పరీక్ష ఫీజు కట్టేయకండి.

ఎస్‌ఓపీలో (దరఖాస్తుతో పంపే వ్యాసం) “చిన్నప్పటి నుంచి నాకు వ్యవస్థలంటే ఆసక్తి” అని రాయడం కంటే, ఎస్‌టీ-12 ఎందుకు పుట్టిందో ఒక పేరాలో చెప్పండి. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టేటప్పుడు రిక్వైర్‌మెంట్ల పట్టికలో ఒక పేజీ, ఇంటర్‌ఫేస్‌ల పట్టికలో ఒక పేజీ జత చేయండి, మొత్తం ఫైలు వద్దు. ఆగస్టులో చేరాలంటే చాలా చోట్ల దరఖాస్తుల గడువు అంతకుముందు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తుంది. అంటే జూన్, జులైలో అడుగు 1 మొదలుపెడితే 14 వారాలు పోను ఎస్‌ఓపీ రాసుకోవడానికి నెల పైనే మిగులుతుంది.